ఎంతమంది సర్జన్లు, ఎంత దూరంలో?

విశాఖ కంచరపాలెం మెట్టు దగ్గర ఒక వీధిలో ఎదురెదురు ఇళ్లలో ఉంటారు వీళ్లిద్దరూ. ఆయన లెక్కలు చెప్పి రిటైరైన పాలిటెక్నిక్ మాస్టారు. ఆవిడ ఉద్యోగమంతా పసికందుల వార్డుల్లో చేసిన నర్సు. ఆవిణ్ణి పేరుతో పిలిచేవాళ్లు లేరు, వీధి మొత్తానికీ సిస్టర్ గారే. ఈమధ్య అదే వీధిలో ఒక ఇంట మలద్వారం లేకుండా మగబిడ్డ పుట్టాడు. ఆ రోజే పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లారు. మర్నాడు ఆపరేషన్ చేసి, పొట్ట మీద తాత్కాలికంగా మలానికి దారి పెట్టారు. బిడ్డ క్షేమంగా ఇంటికొచ్చాడు. వాణ్ణి చూసొచ్చాక అరుగు మీద మొదలైన వాదన ఇది.

మాస్టారు: చిన్నపిల్లల సర్జన్ ఉండబట్టి బిడ్డ దక్కాడు సిస్టర్ గారూ. మందు పోస్తే తగ్గే జబ్బు కాదు కదా ఇది. నేను మొదట్నుంచీ చెప్పేది ఒకటే. ముందు సర్జన్లను పెంచాలి, తక్కినవన్నీ ఆ తర్వాతే.

సిస్టర్: సర్జన్ లేకపోతే దక్కేవాడు కాదు, కాదన్ను. మరి ఆ సర్జన్ దాకా వాణ్ణి చేర్చిందెవరు మాస్టారూ? కాన్పు గదిలో ఒళ్లు తుడుస్తూ వెనక్కి తిప్పి చూసిన నర్సమ్మ. చూడగానే పాలు పట్టొద్దంది, డాక్టరుకి చెప్పింది. మన వీధి నుంచి కేజీహెచ్ ఆరేడు కిలోమీటర్లు. అదే బిడ్డ ఏజెన్సీలో చింతపల్లి అవతల కొండ మీద పుట్టి ఉంటే? మూడో రోజుకి పొట్ట ఉబ్బి, వాంతులు మొదలయ్యాక గానీ ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు డోలీలో రోడ్డు దాకా, అక్కణ్ణుంచి జీపులో. సర్జన్ అదే సర్జన్. బిడ్డ మాత్రం దక్కేవాడని చెప్పలేం.

మాస్టారు: మీరు ఒక బిడ్డ సంగతి చెబుతున్నారు, నేను ప్రపంచం లెక్క చెబుతాను. ఏ దేశంలో ఎంతమంది పిల్లల సర్జన్లున్నారు, ఆపరేషన్ అవసరమైన పిల్లల్లో ఎంతమంది బతుకుతున్నారు అని పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు. పదిహేనేళ్లలోపు పిల్లలు లక్ష మందికి కనీసం 0.37 మంది సర్జన్లు ఉన్నచోట బతికే అవకాశం నూటికి 80 దాటుతోంది. అంటే దాదాపు రెండు లక్షల డెబ్బై వేల మంది పిల్లలకి ఒక్కరు. పెద్ద కోరికేం కాదు కదా ఇది! మన ఉత్తరాంధ్రకే కట్టి చూడండి. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పాత జిల్లాలు మూడూ కలిపి 93 లక్షల జనం. అందులో పిల్లలు ఇరవై లక్షల పైచిలుకు అనుకోండి. వాళ్లకి కావలసింది ఏడెనిమిది మంది సర్జన్లు. రాష్ట్రం మొత్తానికి నలభై మందికి అటూ ఇటూ. ఇంత చిన్న సంఖ్య కోసం పిల్లల్ని పోగొట్టుకోవడం ఏ లెక్కకీ అందదు.

సిస్టర్: లెక్కల మాస్టారు మీరే చెప్పాలి. రెండు అంకెలు కలిసి పెరిగితే ఒకటి ఇంకోదానికి కారణమైపోతుందా? సర్జన్లు ఎక్కువున్న దేశంలో వెంటిలేటర్లూ ఎక్కువే, మత్తు డాక్టర్లూ ఎక్కువే, నర్సులూ ఎక్కువే, రోడ్లూ బాగుంటాయి. ఆ బిడ్డను బతికించింది వీటిలో ఏదని తేలుస్తారు?

మాస్టారు: ప్రశ్న సరైనదే. ఆ అంకె సంబంధాన్ని చూపిస్తుంది గానీ కారణాన్ని నిరూపించదు. అంతవరకూ ఒప్పుకుంటాను. అయితే 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. 74 దేశాలు, 264 ఆసుపత్రులు, జీర్ణవ్యవస్థ లోపాలతో పుట్టిన 3,849 మంది పిల్లలు. ధనిక దేశాల్లో నూటికి 5.6 మంది చనిపోయారు. మనలాంటి మధ్య ఆదాయ దేశాల్లో 20.4, పేద దేశాల్లో 39.8. బొడ్డు పక్క నుంచి పేగులు బయటికొచ్చి పుట్టే గ్యాస్ట్రోస్కిసిస్ అయితే ధనిక దేశాల్లో 1.4 శాతం, పేద దేశాల్లో 90 శాతం. లోపం ఒకటే, బిడ్డలూ ఒకలాంటి బిడ్డలే. పుట్టిన చోటు చావో బతుకో తేల్చేస్తోంది. దీనికి మీ గుండె మండదా?

సిస్టర్: ఎందుకు మండదు మాస్టారూ? చేతుల్లో పోయిన బిడ్డల్ని చూసినదాన్ని. కానీ ఆ అధ్యయనాన్నే ఇంకాస్త ముందుకి చదవండి. చావులు ఎక్కడ పెరిగాయంటే, బిడ్డ వచ్చేసరికే రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన చోట. కావలసినప్పుడు వెంటిలేటర్ దొరకని చోట. నోటితో పాలు తాగలేని బిడ్డకి రక్తనాళం ద్వారా పోషణ ఎక్కించే వీలులేని చోట. ఆపరేషన్‌కి ముందు భద్రతా చెక్‌లిస్టు చూసుకోని చోట. వీటిలో సర్జన్ చెయ్యి పట్టే పని ఒక్కటీ లేదు.

మాస్టారు: చరిత్ర మాత్రం నా పక్షానే ఉంది. అన్నవాహిక మధ్యలో తెగిపోయి పుట్టే బిడ్డ ఒకప్పుడు బతికేదే కాదు. 1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ అనే సర్జన్ ఆ రెండు కొసల్నీ ఒకే ఆపరేషన్‌లో నేరుగా కలిపి మొదటిసారి బిడ్డను నిలబెట్టారు. ఆ దారి తెరిచింది సర్జనే.

సిస్టర్: తెరిచింది సర్జనే. ఇవాళ మంచి ఆసుపత్రుల్లో అలాంటి పిల్లలు నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. కుట్టు పద్ధతి అప్పటికీ ఇప్పటికీ మరీ అంతగా మారలేదు. మారిందల్లా ఆపరేషన్‌కి ముందూ తర్వాతా జరిగే పని. పసివాడికి పనికొచ్చే వెంటిలేటర్ వచ్చింది. 1968లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్ బృందం రక్తనాళం ద్వారానే పూర్తి పోషణ ఇచ్చి పసిబిడ్డను పెంచవచ్చని చూపించింది. మంచి యాంటీబయాటిక్స్ వచ్చాయి. పసిపిల్లల ఐసీయూలు వచ్చాయి. సర్జన్ రెండు గంటలు పనిచేస్తాడు. తర్వాత పదిహేను రోజులు బిడ్డ నర్సు చేతిలో ఉంటుంది.

మాస్టారు: మీ పనిని తక్కువ చేస్తానని కాదు సిస్టర్ గారూ.

సిస్టర్: నా పని గురించి కాదండీ. ఆ అన్నవాహిక బిడ్డ సంగతే దగ్గర్నుంచి చెబుతాను, మీరే చూడండి. పుట్టగానే నోటి నుంచి నురగ. తుడిస్తే మళ్లీ నురగ. ఉమ్ము మింగే దారి లేదు, అందుకే బయటికొస్తుంది. ఇది తెలియనివాళ్లు ఉమ్మనీరు మింగేశాడులే అనుకుంటారు. తేనె నాకిస్తారు, ఆముదం చుక్క వేస్తారు, రొమ్ముకి పడతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బిడ్డ నీలంగా మారుతుంది. తెలిసిన నర్సు ఏం చేస్తుందంటే, కాస్త గట్టిగా ఉండే సన్నటి ట్యూబు నోట్లోంచి దింపి చూస్తుంది. పది సెంటీమీటర్ల దగ్గర అడ్డం తగిలి ఆగిపోతే ఇక అనుమానం లేదు. ఆ పరీక్షకి పట్టేది ఒక్క నిమిషం. ట్యూబు ఖరీదు చాలా తక్కువ.

మాస్టారు: ఆ తర్వాత?

సిస్టర్: ఆ తర్వాతే అసలు కష్టం. తల కాస్త ఎత్తులో ఉంచాలి. పది పదిహేను నిమిషాలకోసారి గొంతులో చేరిన ఉమ్ము సక్షన్‌తో తీస్తూనే ఉండాలి, దారి పొడుగునా. ఒళ్లు చల్లబడకూడదు. రెండు కిలోల బిడ్డ వంద కిలోమీటర్లు ప్రయాణం చేస్తే ఒళ్లు ఎంతలో చల్లబడుతుందనుకున్నారు? ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లల పాదాలు పట్టుకుంటే మంచుగడ్డలా ఉండేవి. అలాంటి బిడ్డను బల్ల మీద పెట్టి ఎంత గొప్ప సర్జన్ కోసినా లాభం ఏముంది? ముందు ఒళ్లు వేడెక్కాలి, ఇన్‌ఫెక్షన్ తగ్గాలి. ఆ లోపలే కొంతమంది వెళ్లిపోయేవారు.

మాస్టారు: మీ మాటలే నా వాదనకి బలం! వంద కిలోమీటర్లు ఎందుకు రావాలి? పాడేరులో సర్జన్ ఉంటే రానక్కర్లేదు కదా. మీరు నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదన్న జబ్బులు చెబుతున్నారు. పేగు మెలిపడిన బిడ్డ సంగతేంటి? పసివాడు ఆకుపచ్చ రంగులో వాంతి చేసుకున్నాడంటే, కాదని తేలేదాకా పేగు మెలిపడిందనే అనుకోవాలంటారు డాక్టర్లు. మెలిపడిన పేగుకి రక్తం ఆగిపోతే గంటల్లో చచ్చిపోతుంది. పాడేరు ఘాట్ దిగి విశాఖ చేరేసరికి కోయడానికి బతికున్న పేగు మిగలకపోవచ్చు. ఇక్కడ చంపేది దూరమే. దాన్ని తగ్గించాలంటే సర్జన్ అక్కడికి వెళ్లాలి.

సిస్టర్: ఆ ఒక్క మాటకి నా దగ్గర సూటి జవాబు లేదు. పచ్చ వాంతి బిడ్డకి దగ్గర్లో సర్జన్ ఉంటేనే మేలు. కానీ ఒంటరి సర్జన్ ఏం చేస్తాడు? రెండు కిలోల బిడ్డకి మత్తు ఇవ్వడం పెద్దవాళ్లకి ఇచ్చినట్టు కాదు. దానికి చెయ్యి తిరిగిన మత్తు డాక్టరు కావాలి. ఇంకో సంగతి. మీ పద్ధతిలోనే లెక్క కట్టండి. ఉత్తరాంధ్రలో ఏటా లక్షా నలభై వేల కాన్పులు అవుతాయనుకుందాం. అన్నవాహిక తెగిన బిడ్డ దాదాపు నాలుగు వేల కాన్పులకి ఒకరు పుడతారు. ఏడాదికి ఎంతమంది?

మాస్టారు: ముప్పై అయిదు.

సిస్టర్: ఆ ముప్పై అయిదు మందినీ ఆరు ఊళ్లకి పంచితే ఒక్కో సర్జన్‌కి ఏడాదికి ఆరుగురు. రెండు నెలలకి ఒక్క కేసు. చెయ్యి ఎలా తిరుగుతుంది? నర్సులకి అలవాటు ఎలా అవుతుంది? అదే ముప్పై అయిదు మందీ ఒక్కచోటికి వస్తే అక్కడ జట్టు తయారవుతుంది. 1923 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ, కేజీహెచ్ ఈ ప్రాంతానికి దిక్కుగా ఉన్నాయి. శ్రీకాకుళం నుంచీ వస్తారు, ఒడిశాలోని కోరాపుట్ నుంచీ వస్తారు. ఉన్నదాన్ని బలపరచి, అక్కడికి చేర్చే దారి బాగుచెయ్యాలంటాను నేను.

మాస్టారు: పిల్లల ఆపరేషన్లంటే మీరు చెప్పే అరుదైనవే కాదు కదా. గజ్జల్లో హెర్నియా, వృషణం కిందికి దిగకపోవడం, పేగులోకి పేగు దూరిపోవడం, కాలిన గాయాలు, ఇవన్నీ రోజూ వచ్చేవే. ప్రపంచంలో 170 కోట్ల మంది పిల్లలకి, కౌమారంలో ఉన్నవాళ్లకి, సర్జరీ అందుబాటులో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2019లో అంచనా కట్టారు. పిల్లలకి ఎక్కువగా కావలసివచ్చేవి ఇలాంటి మామూలు ఆపరేషన్లే. వీటన్నిటికీ విశాఖ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎంతమంది వస్తారు? రాక, వాయిదా వేసి, హెర్నియా బిగుసుకున్నాక పరిగెత్తుతారు. జిల్లాకో సర్జన్ ఉంటే ఆ పరుగు ఉండదు. 2015లో లాన్సెట్ కమిషన్ కూడా అత్యవసర ఆపరేషన్ రెండు గంటల దూరంలో దొరకాలంది.

సిస్టర్: రోజూ వచ్చేవి జిల్లాల్లోనే చెయ్యాలి, దానికి నేను అడ్డం చెప్పను. మలద్వారం లేని బిడ్డకి పొట్ట మీద దారి పెట్టడం కూడా, శిక్షణ ఇస్తే, మత్తు డాక్టరు తోడుంటే, జిల్లా ఆసుపత్రిలో చెయ్యొచ్చు. తర్వాత అసలు ఆపరేషన్ పెద్ద చోట. కానీ మీరన్న సర్జన్లు ఎక్కణ్ణుంచి వస్తారు? పీడియాట్రిక్ సర్జరీ ఎంసీహెచ్ సీట్లు దేశంలో ఏటా మిగిలిపోతున్నాయి. ఉన్న సీట్లలో చేరేవాళ్లే లేకపోతే జిల్లాకొకరిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

మాస్టారు: ఎందుకు మిగిలిపోతున్నాయో చూద్దాం. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు, ఆ పైన ఎంసీహెచ్ మూడేళ్లు. మొత్తం పదకొండున్నరేళ్లు చదివి బయటికొస్తే ప్రభుత్వంలో పోస్టులు కొద్ది. ప్రైవేటులో గుండెకీ, మెదడుకీ, కీళ్లకీ ఉన్న రాబడి దీనికి లేదు. పేదవాళ్ల పిల్లలే ఎక్కువగా వస్తారు. పసివాడి ఆపరేషన్ అర్ధరాత్రే పడుతుంది, ఏమైనా జరిగితే నింద సర్జన్ మీదికే. ఇన్ని తెలిసి ఎవరు చేరతారు? కాబట్టి పోస్టులు ముందు ప్రకటించాలి, జీతం పెంచాలి, ఏజెన్సీలో పనిచేసేవాళ్లకి ఇంకా పెంచాలి. అతుక్కుని పుట్టిన కవలల్ని విడదీసిన గుంటూరు సర్జన్ యార్లగడ్డ నాయుడమ్మ గారికి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. ఆ గౌరవం పోస్టింగ్ ఆర్డరులోనూ, జీతంలోనూ కనిపిస్తేనే కుర్రాళ్లు ఆ దారి పడతారు.

సిస్టర్: ఆ జాబితాలోనే నర్సు పోస్టులూ రాయండి. వెంటిలేటర్ మీదున్న బిడ్డకి ఒక నర్సు ఉండాలి. ఒకే నర్సు అలాంటి నలుగురు పిల్లల్ని చూసుకోవలసి వస్తే ఒక ట్యూబు మూసుకుపోయినా వెంటనే తెలియదు. ఒక ఆసుపత్రిలో అలా ఒక బిడ్డ పోవడం చూశాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రాత్రి పోయాడు. కాగితం మీద సర్జరీ విజయమే.

మాస్టారు: డబ్బు సంగతి కొంత మెరుగే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేర్లు మారినా పథకం నిలిచింది. ఆపరేషన్ ఖర్చు భయంతో బిడ్డను ఇంటికి తీసుకుపోయేవాళ్లు తగ్గారు. 2005లో వచ్చిన 108 అంబులెన్సు ఉంది.

సిస్టర్: పథకం ఆసుపత్రి గుమ్మం దాటాక పనికొస్తుంది. గుమ్మం దాకా రావడానికి ఎవరో ఒకరు గుర్తుపట్టాలి కదా. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిదింటిని వెతకమంది. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె లోపం, వెన్నెముక లోపం, శుక్లం, చెవుడు లాంటివి. మంచి పని. కానీ అన్నవాహిక తెగిపోవడం, మలద్వారం లేకపోవడం ఆ తొమ్మిదిలో లేవు. మొదటి రోజే పట్టుకోకపోతే ప్రాణం తీసేవి ఇవే. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు వెళ్తుంది. మూడో రోజుకి ఈ బిడ్డలకి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. కాన్పు గదిలోనే చూడాలి. ఆ చూపు నేర్పడానికి ఒక్క పూట శిక్షణ చాలు.

మాస్టారు: ఈ సంగతి నాకు తెలియదు. ఆ రెండింటినీ జాబితాలో చేర్చాలి, నేనూ గొంతు కలుపుతాను. అయినా మన తగువు తీరలేదు సిస్టర్ గారూ. రేపు ప్రభుత్వం ఒక్క పనికే డబ్బిస్తానంటే మీరేం అడుగుతారు?

సిస్టర్: పసికందుల కోసం వెచ్చదనం, ఆక్సిజన్, సక్షన్ ఉన్న అంబులెన్సు, అందులో తర్ఫీదైన నర్సు. ఏజెన్సీ నుంచి కేజీహెచ్ దాకా.

మాస్టారు: నేను పాడేరుకి పిల్లల సర్జన్‌ని, పక్కన మత్తు డాక్టర్ని అడుగుతాను.

సిస్టర్: చూశారా, మీ కోరికలో ఇద్దరయ్యారు. మొదట ఒక్క సర్జనే అన్నారు.

మాస్టారు: అయ్యారు. మీ అంబులెన్సు కూడా సర్జన్ దగ్గరికే కదా వెళ్లేది. ఆ చివర కుర్చీ ఖాళీగా ఉంటే ఎంత వెచ్చగా తెచ్చినా ప్రయోజనం లేదు.

సిస్టర్: అందుకే ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదని నేనూ అడుగుతాను. 0.37 అనే మీ అంకె నాకూ కావాలి. కాకపోతే అందులో ఒక్కొక్కర్ని లెక్కపెట్టేటప్పుడు మత్తు డాక్టరు, నర్సులు, వెంటిలేటరు, రెండు గంటల్లో చేరే దారి ఉన్నాయా అని కూడా చూసి లెక్కపెట్టండి. అవి లేని సర్జన్‌ని సగమే వేసుకోండి.

మాస్టారు: అలా వేస్తే మన లెక్క ఇంకా తగ్గిపోతుంది.

సిస్టర్: తగ్గనివ్వండి. నిజం తెలుస్తుంది.

ఈ ఇద్దరి వాదన ఎక్కడ మొదలు పెట్టాలన్న దాని గురించి. చివర ఏం ఉండాలన్నదానిలో తేడా లేదు. పిల్లల సర్జన్ల సంఖ్య పెరగాలి. మిగిలిపోతున్న సీట్లు నిండేలా పోస్టులు, జీతాలు పెరగాలి. ప్రతి పోస్టుతో పాటు మత్తు డాక్టరు, నర్సుల పోస్టులు కూడా మంజూరు కావాలి. మామూలు ఆపరేషన్లు జిల్లాల్లో, అరుదైనవి కేజీహెచ్ లాంటి పెద్ద చోట్ల జరగాలి. ఆ రెండింటి మధ్య పసికందుల అంబులెన్సు తిరగాలి. ప్రజాప్రతినిధులు మీ వీధికి వచ్చినప్పుడు ఆసుపత్రి భవనం ఎన్ని అంతస్తులని కాదు, పిల్లల సర్జన్ జట్టు ఎంత దూరంలో ఉందని అడగండి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ప్రతి ఇంటిలోనూ ఉంది. బిడ్డ పుట్టిన గంటలోపే మలద్వారం ఉందా అని కాన్పు గదిలో అడిగి చూపించుకోండి. నోటి నుంచి ఆగకుండా నురగ వచ్చినా, ఆకుపచ్చగా వాంతి అయినా, పొట్ట ఉబ్బినా పాలు, తేనె, ఆముదం, పంచదార నీళ్లు ఏవీ పట్టకండి. బిడ్డను పొడిగా, వెచ్చగా చుట్టి వెంటనే డాక్టరుకి చూపించండి. పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికే పంపమని గట్టిగా అడగండి. మొదటి రోజే చేరిన బిడ్డకి బతికే అవకాశం ఎక్కువ.